మళ్లీ ఆ మనిషే!

1947లో క్రిస్మస్ గురువారం నాడు పడింది. ఇందులో పెద్ద విశేషమేముంది అనిపించవచ్చు. కానీ ఆనాటి బ్రిటన్‌లో ఉంది. గురువారం రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడి పిల్లలకూ పెద్దలకూ ఒకటే అర్థం - రేడియోలో ఇట్మా వచ్చే వేళ. ఆ వేళకు దుకాణాదారూ, బొగ్గుగని కూలీ, కాలేజీ ప్రొఫెసరూ, ఆఖరికి రాజప్రాసాదంలోని వారూ రేడియో ముందు చేరేవారు. ఆ కార్యక్రమానికి నాయకుడు టామీ హాండ్లీ. నేటి మన విద్యార్థుల్లో ఆ పేరు విన్నవారు అరుదు. చార్లీ చాప్లిన్ పేరు తెలియనివారుండరు, ఎందుకంటే ఆయన బొమ్మ మిగిలింది. హాండ్లీది గొంతు మాత్రమే. గొంతు గాలిలో పుట్టి గాలిలో కలిసిపోతుంది. అయినా ఒకప్పుడు ఆ గొంతుతో ఒక దేశానికి ఎంత పని పడిందో చెప్పుకోదగ్గ కథ.

ముందు ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం ముగిసి రెండేళ్లు దాటింది. బ్రిటన్ గెలిచిన దేశమే. కానీ ఆ ఇళ్లలోకి తొంగిచూస్తే గెలిచినవాళ్ల ఇళ్లలా ఉండేవి కావు. యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా రేషను లేని రొట్టెకు 1946 జూలైలో రేషను పెట్టారు. 1947 మొదట్లో ఎన్నడూ ఎరగనంత మంచు కురిసి, రైళ్లు నిలిచిపోయి, బొగ్గు కదలక, కరెంటు కోతలు వచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. బి.బి.సి. వారు టెలివిజన్‌నూ, థర్డ్ ప్రోగ్రామ్‌నూ కొన్నాళ్లు ఆపేశారు. ఆ ఏడాది చివరికి బంగాళాదుంపకూ రేషను వచ్చింది. మాంసం, వెన్న, పంచదార, బట్టలు, సబ్బు - అన్నీ కూపన్ల మీదే. పండుగ నాడు పిల్లల చేతిలో నాలుగు మిఠాయిలు పెట్టాలంటే తల్లి ముందునుంచీ కూపన్లు దాచుకోవలసిందే!

ఇలాంటి ఇంట్లో రేషను లేని సరుకు ఒక్కటే ఉండేది, అది రేడియో. ఏడాదికి ఒక పౌను లైసెన్సు కడితే చాలు. ఆనాటికి అలాంటి లైసెన్సులు కోటికి పైగా ఉన్నాయి. టెలివిజన్ 1946 జూన్‌లో మళ్లీ మొదలైనా లండన్ చుట్టుపక్కల వారికే అందేది, అదీ డబ్బున్నవారికే. కనుక పండుగ అంటే రేడియోయే. ముందురోజు సాయంత్రం కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయం నుంచి భక్తిగీతాలు. పండుగ నాడు మధ్యాహ్నం మూడింటికి రాజుగారి ప్రసంగం. 1932లో అయిదవ జార్జి ప్రారంభించిన ఈ ఆనవాయితీని ఆయన కుమారుడు ఆరవ జార్జి కొనసాగించాడు. ఆయనకు మాట తడబడే ఇబ్బంది ఉండేది. భోజనాలు ముగించి వింటున్న జనం ఆ ప్రసంగం సాఫీగా సాగిపోవాలని తామూ ఊపిరి బిగబట్టేవారట. ఆ గంభీరమైన ఘట్టం అయిపోయాక ఇక నవ్వుల వేళ. రాజుగారి గొంతూ, హాస్యగాడి గొంతూ అదే పెట్టెలోంచి, అదే గదిలోకి, అదే కుటుంబం మధ్యకు వచ్చేవి. రేడియోకే చెల్లిన సమానత్వమది.

ఇంతకీ ఈ హాస్యగాడు ఎవరు?

థామస్ హాండ్లీ 1892 జనవరి 17న లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ పార్కులో పుట్టాడు. తండ్రిది పాడి వ్యాపారం. టామీ పసితనంలోనే ఆయన పోయాడు. లివర్‌పూల్ రేవు పట్టణం. దేశదేశాల నావికులు, ఐర్లండు నుంచి వలస వచ్చినవారు, వేల్స్ వారు కలగలిసి బతికే ఊరు. అక్కడి మనుషులకు మాట చురుకెక్కువ అని ఇంగ్లండులో ప్రతీతి. హాండ్లీకి మొదట అబ్బినది పాట. మంచి గొంతు ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో నౌకాదళపు వైమానిక విభాగంలో, గాలిగుమ్మటాల శాఖలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక నాటకాల కంపెనీలతోనూ, వెరైటీ ప్రదర్శనలతోనూ ఊరూరా తిరిగాడు. డిజార్డర్లీ రూమ్ అనే ఒక సైనిక ప్రహసనాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఆడాడు. అంటే అప్పటికి ఆయన వందలమంది వెరైటీ నటుల్లో ఒకడు, అంతే.

ఆయన జాతకం మార్చినది మైక్రోఫోను. బి.బి.సి. 1922లో పుట్టింది. తర్వాత రెండు మూడేళ్లకే హాండ్లీ అందులో వినిపించడం మొదలుపెట్టాడు. పేరున్న రంగస్థల నటులు చాలామంది ఆ రోజుల్లో రేడియోను చిన్నచూపు చూశారు. ముఖం కనబడదు, ఒకసారి చెప్పిన హాస్యం దేశమంతా వినేస్తుంది, ఇక మరో ఊళ్లో ఆడుకోవడానికి మిగలదు - ఇదీ వారి బాధ. హాండ్లీ మాత్రం ఆ పెట్టెకు ఏం కావాలో పట్టుకున్నాడు. రంగస్థలం మీద వెయ్యిమందికి వినబడేలా అరవాలి. రేడియోలో ఎదుట కూర్చున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడినట్టు మాట్లాడాలి. రొనాల్డ్ ఫ్రాంకావ్‌తో కలిసి మర్గట్రాయిడ్, వింటర్‌బాటమ్ అనే జంటగా ఆయన చేసిన సంభాషణలు మాటల వేగానికి పేరుపొందాయి. 1929లో జీన్ ఆలిస్టన్ అనే గాయనిని పెళ్లాడాడు. సొంత జీవితం గురించి బయట పెద్దగా చెప్పుకునే మనిషి కాదు.

1939 వచ్చేసరికి ఆయనకు 47 ఏళ్లు. ఈ వయసులో సాధారణంగా హాస్యనటుడి దశ తిరిగి కిందికి దిగుతూ ఉంటుంది. హాండ్లీకి అసలు కథ ఇక్కడే మొదలైంది. 1939 జూలై 12న కొత్త హాస్య కార్యక్రమం ఒకటి ప్రసారమైంది. రాసినది టెడ్ కావనా - న్యూజీలండులో పుట్టి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, ఆ వృత్తి వదిలి హాస్యరచనకు వచ్చిన మనిషి. నిర్మాత ఫ్రాన్సిస్ వర్స్‌లీ. పేరుకు అర్థం మళ్లీ ఆ మనిషే అని. ఆ పేరు వెనక పెద్ద చమత్కారం ఉంది. హిట్లర్ ఎప్పుడు కొత్తగా ఏ దేశం మీద కన్నేసినా డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆ మాటలనే శీర్షికగా పెట్టేది. దేశమంతా భయంతో చదివే ఆ శీర్షికను వీళ్లు తమ విదూషకుడికి తగిలించారు! ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు తీసుకుంటే ఇట్మా. యుద్ధకాలంలో ప్రభుత్వ శాఖలన్నీ పొడి అక్షరాల పేర్లతోనే నడిచేవి. దాని మీద కూడా ఇదొక విసురు.

మొదటి కొద్ది భాగాలు అంతగా రక్తికట్టలేదు. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. బి.బి.సి. వెరైటీ శాఖ లండన్ వదిలి బ్రిస్టల్‌కు మూటాముల్లె సర్దుకుంది. అక్కడా బాంబులు పడటంతో 1941లో ఉత్తర వేల్స్‌లోని బాంగర్ అనే చిన్న ఊరికి చేరింది. నటులు, వాద్యబృందం, రచయిత, అందరూ పరాయి ఊళ్లో అద్దె గదుల్లో ఉంటూ వారం వారం దేశాన్ని నవ్వించే పని చేశారు.

ఇట్మాలో కథ అంటూ పెద్దగా ఉండదు. యుద్ధం తొలిరోజుల్లో హాండ్లీ ఒక ప్రభుత్వ శాఖకు మంత్రి. ఆ శాఖ పని జనానికి చిరాకు పుట్టించడమూ, అంతుబట్టని ఉత్తరువులు జారీ చేయడమూ. తర్వాత సముద్రతీరాన ఒక దిక్కుమాలిన ఊరికి మేయరు. ఆయన కూర్చుని ఉంటాడు, తలుపు తెరుచుకుంటుంది, ఒక పాత్ర లోపలికి వచ్చి నాలుగు మాటలు విసిరి వెళ్లిపోతుంది, మళ్లీ తలుపు చప్పుడు, ఇంకో పాత్ర. ఆ తలుపు చప్పుడు కూడా ఒక పాత్రంత పేరు తెచ్చుకుంది. ప్రతి పాత్రకూ ఒక ఊతపదం. బకెట్టూ చీపురూ పట్టుకుని హఠాత్తుగా ఊడిపడి, ఇప్పుడు శుభ్రం చేయవచ్చా అని రెండర్థాలు వచ్చేలా అడిగే పనిమనిషి మిసెస్ మాప్. వెళ్లేటప్పుడు ఆమె వీడ్కోలును కూడా పొడి అక్షరాల్లోకి కుదించి టి.టి.ఎఫ్.ఎన్. అని వదిలేది. దేశమంతా అదే అనడం మొదలుపెట్టింది. ఫోనులో బెదిరించే జర్మన్ గూఢచారి ఫున్ఫ్ ఇంకొకడు. నటుడు జాక్ ట్రెయిన్ ఒక గాజుగ్లాసు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి ఆ గొంతు పుట్టించేవాడు. గూఢచారులంటే వణికిపోతున్న రోజుల్లో పిల్లలు ఫున్ఫ్ గొంతుతో ఆటలాడుకున్నారంటే ఆ గాజుగ్లాసు చేసిన సేవ తక్కువేమీ కాదు!

మనవారికి అర్థం కావాలంటే బుర్రకథ గుర్తు తెచ్చుకోవాలి. కథకుడు కథ నడుపుతుంటే పక్కన హాస్యపు వంత మధ్యలో దూరి, ఆ ఊరి కరణం మీదో, రేషను డీలరు మీదో ఒక చెణుకు వేసి తప్పుకుంటాడు. ఇట్మాలో ఈ వంతలు పది పదిహేనుమంది. వాళ్లందరినీ తాళం తప్పకుండా ఒక్కడే నడపాలి. ఆ ఒక్కడే హాండ్లీ. చిత్రమేమిటంటే ఎక్కువ నవ్వులు పండించేది వచ్చిపోయే పాత్రలు. వాళ్లకు మాట అందించి, వాళ్లు నవ్వించాక ఆ నవ్వు చల్లారేలోగా ఇంకో మాట అందుకునేది ఈయన. అరగంట కార్యక్రమంలో పాటలూ వాద్యాలూ పోగా మాటలకు మిగిలేది పద్దెనిమిదిన్నర నిమిషాలు. అందులో వంద నవ్వులు రావాలని కావనా లెక్క వేసుకునేవాడు. అంటే పదకొండు సెకన్లకు ఒకటి! ప్రత్యక్ష ప్రసారం, ఎదుట స్టూడియోలో జనం, చేతిలో కాగితం. ఆ వారం పత్రికల్లో వచ్చిన సంగతులన్నీ అందులోకి రావాలి కాబట్టి రచన చివరిదాకా మారుతూనే ఉండేది. నాలుక తడబడితే దిద్దుకోవడానికి వీలుండదు. పదేళ్లు ఈ పని చేసిన మనిషికి లోపల ఎంత అలసట పేరుకుందో విన్నవారెవరికీ తెలియలేదు.

1942 ఏప్రిల్ 21న, రాకుమారి ఎలిజబెత్ పదహారవ పుట్టినరోజు నాడు, ఇట్మా బృందం విండ్సర్ కోటకు వెళ్లి రాజకుటుంబం ఎదుట ప్రదర్శన ఇచ్చింది. మంచి రోజుల్లో ఇట్మాను వారానికి కోటిన్నర మంది వినేవారని అంచనా. సినిమాలోకి తీసుకెళ్లి 1943లో ఒక చిత్రం తీశారు గానీ అది రేడియో అంత రాణించలేదు. రాణించదు కూడా. వినేవాడు మనసులో గీసుకున్న మిసెస్ మాప్‌తో తెరమీది మనిషి ఎక్కడ పోటీపడగలదు?

యుద్ధం అయిపోయింది. యుద్ధం మీద బతికిన హాస్యం శాంతిలో బతుకుతుందా అన్నది అప్పటి ప్రశ్న. హిట్లర్ పోయాడు, గూఢచారి పోయాడు, బాంబుల భయం పోయింది. కానీ ఫారాలు పోలేదు, క్యూలు పోలేదు, ఆఫీసర్లు అసలే పోలేదు. హాండ్లీ హాస్యానికి ఇంకా కావలసినంత ముడిసరుకు మిగిలింది. నా ఉద్దేశంలో ఆయన చేసిన అసలు మేలు ఈ మూడేళ్లలోనే ఉంది. యుద్ధంలో కష్టానికి ఒక అర్థం ఉంటుంది. ఓర్చుకోండి, గెలుస్తాం అని చెప్పవచ్చు. గెలిచాక కూడా రొట్టె కోసం వరుసలో నిలబడేవాడికి ఏం చెబుతాం? ఏ మంత్రీ చెప్పలేకపోయాడు. మోనా లాట్ అనే పాత్ర చెప్పింది. జోన్ హార్బెన్ ఆ వేషం వేసేది. ఏడుపుగొట్టు గొంతుతో ఇంట్లో జరిగిన అనర్థాలన్నీ వరసపెట్టి చదివి, చివరికి తాను ఇంత సరదా మనిషిని కాబట్టి నెట్టుకొస్తున్నానని ముగించేది. వినేవాళ్లకు తమ ఇల్లే కనబడేది.

ఫ్రిస్బీ డైక్ అనే మరో పాత్ర హాండ్లీ సొంత ఊరి యాసతో మాట్లాడేవాడు. డెరిక్ గైలర్ ఆ వేషధారి. హాండ్లీ గడగడా పెద్ద పెద్ద మాటలు దొర్లిస్తే, అన్నీ విని, అందులో ఒక మాటకు అర్థమేమిటని అమాయకంగా అడిగేవాడు. ఆ పేరు లివర్‌పూల్‌లో బాంబుదాడికి ధ్వంసమైన ఒక బట్టల దుకాణం పేరు. బి.బి.సి. రేడియోలో వార్తల గొంతు ఒకే రకం నాజూకు ఇంగ్లీషుగా చలామణి అవుతున్న రోజుల్లో రేవు ఊరి యాస అలా దేశమంతా వినబడటం చిన్న సంగతి కాదు.

అయితే అన్నీ మెచ్చుకోదగ్గవే అనలేం. 1945లో యుద్ధానంతరం హాండ్లీని టామ్‌టోపియా అనే ఊహాద్వీపానికి గవర్నరును చేశారు. అక్కడి నాయకుడు బిగ్గా బాంగా అర్థంకాని భాషలో ఏదో గొణుగుతాడు, జనం నవ్వుతారు. వెనకటి రోజుల్లో అలీ ఊప్ అనే ఒక తూర్పుదేశపు చిల్లర వర్తకుడి పాత్రా ఇలాంటిదే. ఇవి విన్నప్పుడు మనకు నవ్వు రాదు. మన దేశం ఆ సామ్రాజ్యం కిందనుంచి బయటపడుతున్న ఏళ్లవి. అక్కడ తెల్ల గవర్నరుగారి చేతగానితనం మీద కూడా వెటకారం ఉన్న మాట నిజమే, కానీ ఆ వెటకారంలో ద్వీపవాసికి దక్కిన పాత్ర వెర్రివాడిది. మనకు కొంత చుట్టరికం ఉన్న పాత్ర ఇంకొకటుంది - కల్నల్ చిన్‌స్ట్రాప్. ఇది కూడా జాక్ ట్రెయినే. ఎవరు ఏ మాట అన్నా దాన్ని మద్యానికి ఆహ్వానంగా అన్వయించుకుని, కాదనను అని ఒప్పేసుకునే రిటైర్డ్ సైనికాధికారి. మన కంటోన్మెంటుల్లో కొలువు చేసి, ఇంటికి వెళ్లి, అక్కడ ఏం చేయాలో తోచక మిగిలిపోయిన దొరలు గుర్తుకొస్తారు. సామ్రాజ్యం ముగిసిందని ఆ దేశానికి మంత్రులకంటే ముందు ఈ కల్నలే చెప్పాడనిపిస్తుంది.

ఆ రోజుల్లో బి.బి.సి.కి పట్టింపులెక్కువ. హాస్య రచయితల కోసం నిషేధాల పట్టికే ఒకటి తయారు చేసింది. దంపతుల మీద మోటు పరిహాసం, స్నానాల గది ముచ్చట్లు, దేవుడి మీద విసుర్లు - ఏదీ కూడదు. హాండ్లీ బృందం ఈ కంచెలోనే తిరుగుతూ ద్వంద్వార్థాలు దాటించింది. గబగబా చెప్పేయడంలో ఇదొక లాభం: అభ్యంతరం చెప్పేవాడికి అర్థమయ్యేలోగా మూడు మాటలు దాటిపోయి ఉంటాయి!

1948 అక్టోబరు 28న ఇట్మా మూడువందల ప్రసారాలు పూర్తి చేసుకుంది. 1949 జనవరి 6, గురువారం, ఎప్పటిలాగే మూడువందల పదో ప్రసారం జరిగింది. ఆ వెంటనే వచ్చిన ఆదివారం, జనవరి 9న, మెదడులో రక్తనాళం చిట్లి హాండ్లీ మరణించాడు. యాభై ఏడు నిండటానికి ఇంకా ఎనిమిది రోజులు. ఆదివారం సాయంత్రం ఇట్మా పునఃప్రసారం ఉండేది. జనం గురువారంనాటి నవ్వులే మరోసారి నవ్వుకున్నారు. అది ముగియగానే బి.బి.సి. డైరెక్టర్ జనరల్ సర్ విలియం హేలీ స్వయంగా మైకు ముందుకు వచ్చి ఆ వార్త చెప్పాడు. అప్పటిదాకా గదిలో మాట్లాడుతున్న మనిషి లేడని అదే పెట్టె చెప్పింది. ఎన్నో ఇళ్లలో సొంత మనిషి పోయినట్టే అయింది.

అంత్యక్రియలు లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో జరిగాయి. దారి పొడుగునా వేలమంది నిలబడ్డారు. జనవరి 27న సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో సంస్మరణ ప్రార్థన జరిగితే లోపల చోటు చాలక బయట కూడా జనం చేరారు. నెల్సన్, వెల్లింగ్టన్ వంటి యోధుల సమాధులున్న ఆ చోట పనిమనిషి, గూఢచారి, తాగుబోతు కల్నలు వేషాల మధ్య పదేళ్లు గడిపిన హాస్యగాడికి ఆ గౌరవం దక్కింది. లివర్‌పూల్ కెథీడ్రల్‌లోనూ ఆయన ఊరివారు ప్రార్థన జరుపుకున్నారు.

ఆయన లేకుండా ఇట్మాను నడపకూడదని బి.బి.సి. నిర్ణయించింది. ఇంకో హాస్యనటుణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. కానీ తలుపు తోసుకొచ్చే పాత్రలన్నీ ఎవరితో మాట్లాడతాయి? నిర్మాత వర్స్‌లీ కూడా అదే ఏడాది కన్నుమూశాడు. కావనా తన మిత్రుడి జీవితచరిత్ర రాశాడు. ఇట్మాలో తిండిపోతు బడిపిల్ల వేషం వేసిన హాటీ జాక్వెస్ తర్వాత సినిమాల్లో, టెలివిజన్‌లో పెద్ద తార అయింది.

ఈనాడు మిగిలిన కొద్ది రికార్డులు వింటే సగం మాటలు మనకే కాదు, ఇంగ్లీషువారికీ బోధపడవు. ఆ వారం మంత్రి ఎవరో, ఏ సరుకుకు కోత పెట్టారో తెలిస్తే తప్ప నవ్వు రాదు. స్టూడియోలోని జనం మాత్రం పడీ పడీ నవ్వుతుంటారు, మనం బయట నిలబడి వింటున్నట్టుంటుంది. హాండ్లీ తర్వాతి తరాన్ని మాటల గారడీతో ముంచెత్తిన గూన్ షో 1951లో మొదలైంది. 1957లో ఆ కార్యక్రమంలోకి ఒక అతిథి వచ్చాడు. జాక్ ట్రెయిన్ పాత గొంతు సవరించుకుని కల్నల్ చిన్‌స్ట్రాప్‌గా మళ్లీ ప్రవేశించాడు. శ్రోతలు గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు. హాండ్లీ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. కల్నల్ దాహం మాత్రం తీరనే లేదు.